పది కిలోల రాయి

ఫిబ్రవరి పద్దెనిమిదో తేదీ, మంగళవారం, ఉదయం పదకొండు గంటల పది నిమిషాలకు మా గేటు ముందు ఆటో ఆగింది. ఇంత కచ్చితంగా ఎలా చెప్పగలుగుతున్నానంటే, పదకొండుంబావుకు వేసుకోవలసిన బీపీ మాత్రను అప్పుడే రేకులోంచి తీసి అరచేతిలో పెట్టుకున్నాను. ఆ రోజు ఆ మాత్ర పన్నెండున్నరకు గాని వేసుకోలేదని నా డైరీలో ఉంది. ఆటోలోంచి ముందు ఒక గోనెసంచి దిగింది. దాన్ని రెండు చేతులా మోసుకొచ్చి మెట్టు మీద పెట్టిన ఆటో అతను నడుం నిమురుకున్నాడు. ఆ వెనకే, చీరాల నుంచి వచ్చిన మస్తాన్‌బీ దిగింది.

మస్తాన్‌బీ నా చిన్ననాటి స్నేహితురాలు. ఇద్దరికీ డెబ్బై అయిదేళ్ళు. నాకన్నా పన్నెండు రోజులు చిన్నది, ఆరంగుళాలు పొడుగు. ఈ రెండు అంకెలూ గుర్తు పెట్టుకోండి, ముందు ముందు అవసరం పడతాయి. ఆమె కొడుక్కి చీరాలలో పాత ఇనుము కొట్టు ఉంది. ఎక్కడెక్కడి తుక్కో అక్కడికి చేరుతుంది. ఆమె మెట్టు మీద కూర్చుని, మంచినీళ్ళు తాగి, చెంబు పక్కన పెట్టి, సంచి మూతి విప్పింది.

"ఏమే పంతులమ్మా, నీ సాక్ష్యం దొరికింది. అరవై ఏళ్ళు ఆలస్యమయింది, ఏమనుకోకు."

సంచిలో ఉన్నది పది కిలోల తూకపు రాయి. రాయి అంటామే గాని ఇనుముదే. పైన పట్టుకోవడానికి కడియం, పక్కన పది అంకె, అడుగున ఒక మూల విరిగి ఉంది. ఆ విరుపు చూడగానే నేనూ మెట్టు మీద కూర్చున్నాను. ఈ రాయి దొంగతనం కిందే మస్తాన్‌బీ పద్నాలుగేళ్ళప్పుడు జైలుకు వెళ్ళింది. తెమ్మన్నది నేను. ఆ దొంగతనంలో నాకు పడిన శిక్ష ఏమిటంటే, ఆ సాయంత్రం ఇంటికి వెళ్ళి అన్నం తినడం.

మా ఊరికి ఒక పక్క పత్తి చేలు, ఒక పక్క మిరప చేలు. సంక్రాంతి దాటిందంటే ఊరంతా తుమ్ములే. ఎవరు ఏ ఇంట్లో ఉన్నారో తుమ్ముని బట్టి చెప్పేవాళ్ళం. మా నాయనమ్మది వరసగా మూడు, ఆఖరిది పొడుగు. నాన్న ప్రాథమిక పాఠశాల హెడ్మాస్టరు. ఆయనకు బడి తప్ప ఇంకేమీ పట్టదు కాబట్టి మూడెకరాల మిరప నాయనమ్మే చూసుకునేది. తెల్లారేసరికి కల్లంలో ఉండేది. ఎర్రగా పరిచిన కాయల మధ్య చీర కుచ్చెళ్ళు ఎగదోపుకుని, రంగు పోయిన తాలుకాయ ఏరుతూ, కూలివాళ్ళతో ఊసులాడుతూ, నా మీద ఒక కన్ను వేసి ఉంచేది. నా మీద కన్ను ఎందుకంటే నేను లెక్కపెడుతూ ఉండేదాన్ని. ఏ కూలి మనిషి ఎన్ని గంపలు మోసింది, ఏ కోడి ఎన్ని గుడ్లు పెట్టింది, నాయనమ్మ ఎన్నిసార్లు ఒకే మాట చెప్పింది, అన్నీ లెక్కే. ఇది పెళ్ళయ్యాక మొగుడి ముద్దలు లెక్కపెడుతుందని ఆమె బెంగ. ఆ బెంగ నిజమే అయింది, ఆయన పాపం ఏమీ అనేవారు కాదు.

కాశిం బాబాయ్ మస్తాన్‌బీ నాన్న, దూదేకుల ఆయన. పత్తి తీతలు అయ్యాక విల్లు భుజాన వేసుకుని ఇంటింటికీ వచ్చి పరుపుల్లో దూది ఏకేవాడు. ఆ విల్లు నారి మోగుతుంటే ఇంట్లో గిన్నెలు సన్నగా అదిరేవి. దూది గాలిలో తేలి నాన్న గడ్డం మీద, నాయనమ్మ పచ్చడి జాడీ మీద, నా లెక్కల పుస్తకం మీద వాలేది. గింజ వాసన, పాత పరుపు వాసన, మిరప ఘాటు, మూడూ కలిస్తే అదే నాకు ఎండాకాలం.

మస్తాన్‌బీని బడిలో వేసింది నాకు ఎనిమిదేళ్ళప్పుడు. నాన్న చేతిరాత ఆయనకే అర్థమయ్యేది కాదు. అందుకని జూన్‌లో పిల్లలు చేరేటప్పుడు అడ్మిషన్ రిజిస్టరు నాచేత రాయించి కింద ఆయన సంతకం పెట్టేవారు. ఆ రోజుల్లో పుట్టిన తేదీ ఎవరికీ తెలీదు. గాలివాన వచ్చిన ఏడు, ఎద్దు చచ్చిన ఏడు అని చెప్పేవాళ్ళు. మేష్టారు మనిషిని చూసి ఒక సంవత్సరం వేసేవారు, తేదీ మాత్రం అందరికీ జూలై ఒకటే. ఆ రిజిస్టరు నమ్మితే మా ఊళ్ళో జూలై ఒకటిన తప్ప ఎవరూ కాన్పు కాలేదు. కాశిం బాబాయ్ వచ్చి, పిల్ల ఎప్పుడు పుట్టిందంటే తల గోక్కుని, వాళ్ళమ్మకే తెలుసన్నాడు. నాన్న అప్పుడు ఎవరితోనో మాట్లాడుతూ, చూసి వెయ్యమ్మా అన్నారు. నేను చూశాను. మస్తాన్‌బీ నాకన్నా ఆరంగుళాలు పొడుగు. పిల్లలు ఏడాదికి రెండంగుళాలు పెరుగుతారని నాన్నే ఒకసారి చెప్పారు. ఆరును రెండుతో భాగిస్తే మూడు. నా వయసుకు మూడు కలిపి, పదకొండేళ్ళు అని రాసి, ఇంకు ఆరేదాకా ఊదాను. అంత పెద్దపిల్లను ఒకటో తరగతిలో కూర్చోబెట్టడమెందుకని నాన్న ఆమెను తెచ్చి మా మూడో తరగతిలో, నా పక్కన వేశారు. అలా కుదిరింది మా స్నేహం. ఆ భాగహారం చేసినందుకు చాలా కాలం నన్ను నేను మెచ్చుకున్నాను.

పద్నాలుగో ఏట, మార్చిలో, నేను ఇంకో భాగహారం చేశాను. వీశెలు పోయి కిలోలు వచ్చి అప్పటికి ఎంతో కాలం కాలేదు. కొత్త తూకం మీద అందరికీ అనుమానమే, నాకు మరీను. నాయనమ్మ మూడు బస్తాల కాయలు కట్టించి, సహకార సంఘం కాటా అడిగి తెప్పించి ఇంటి దగ్గర తూయించింది. ఒక్కోటి నలభై రెండు కిలోలు. మర్నాడు మధ్యాహ్నానికి ఆ బస్తాలు బండి మీద సుబ్బయ్య గారి కొట్టుకు చేరితే ఒక్కోటి నలభై. సుబ్బయ్య గారు మిర్చి కొనే వ్యాపారి, పక్క ఊరిదాకా పేరున్న మనిషి. ఆయన కాటాలో అవతల పళ్ళెంలో నాలుగు పది కిలోల రాళ్ళు ఉన్నాయి. నలభై రెండును నాలుగుతో భాగిస్తే పదిన్నర. అంటే ఒక్కో రాయి అరకిలో ఎక్కువ బరువుంది, ఆయన రైతుల్ని ముంచుతున్నాడు. నాయనమ్మ, పోనీలేవే, దారిలో తరుగు ఉండదా, అంది. తరుగు అనే మాట దొంగలు కనిపెట్టారని నేను ఆమెకు చెప్పాను.

ఒక్క రాయి తెచ్చి సహకార సంఘం కాటా మీద పెడితే బండారం బయటపడుతుందని మస్తాన్‌బీకి లెక్క వేసి చూపించాను. ఆమె ఏదో అనబోయింది. నేను మళ్ళీ మొదటి నుంచి చెప్పాను. ఆ వారమే కాశిం బాబాయ్ సుబ్బయ్య గారి కొట్టు వెనక దొడ్లో ఆయన పరుపులు ఏకుతున్నాడు. సోమవారం మధ్యాహ్నం, కొట్లో అందరూ భోంచేసి కునుకు తీస్తున్నప్పుడు, మస్తాన్‌బీ ఒక రాయిని దూది మూటలో చుట్టి నెత్తిన పెట్టుకుని బయల్దేరింది. నేను వెనక టిఫిన్ క్యారియర్ పట్టుకుని, ఏమీ ఎరగనట్టు నడుస్తున్నాను. ఏమీ ఎరగనట్టు నడవడం ఎలాగో నాకు తెలీదని తర్వాత చాలామంది చెప్పారు. దూది మూట మోసే పిల్లకు మెడ అంత లోపలికి పోదన్న సంగతి మా ఇద్దరి లెక్కలోకీ రాలేదు. అరుగు మీద గుమస్తా కళ్ళు తెరిచి చూశాడు.

"ఏమే పిల్లా, దూది తడిపి మోస్తున్నావా ఏంటి?"

మస్తాన్‌బీ ఉలిక్కిపడింది. మూటలోంచి రాయి జారి, మెట్టు బండ మీద పడి, ఒక మూల ఎగిరిపోయింది. ఆ చప్పుడుకు సుబ్బయ్య గారు సగం ఏకిన పరుపు మీద నుంచి లేచి వచ్చారు, ఒంటినిండా దూదితో.

పెద్దవాళ్ళు మందలించి వదిలేసే పనే. కాని నేను ఊరుకోలేదు. మీ రాయి దొంగరాయని పదిమందిలో అన్నాను. ఆయనకు పౌరుషం వచ్చి పోలీసులకు కబురు పెట్టారు. ఎస్సై గారు వచ్చారు. నా రాయి తూయించండయ్యా ముందు అని సుబ్బయ్య గారే అన్నారు. కేసు సామాను ముట్టుకోకూడదని ఎస్సై గారు రాయికి గుడ్డ చుట్టి లక్క ముద్ర వేశారు. తర్వాత మా వయసులు అడిగారు. బడి నుంచి రిజిస్టరు తెప్పించి చూస్తే నాకు పద్నాలుగు, మస్తాన్‌బీకి పదిహేడు. తెమ్మన్నది నేనేనండి అని రెండుసార్లు చెప్పాను. ఆయన నాన్న వైపు తిరిగి, మేష్టారూ, మీ పాప చిన్నపిల్ల, ఇంటికి తీసుకెళ్ళండి, అన్నారు. పదహారు దాటిన మనిషిని మాత్రం చిన్నపిల్ల అనడానికి లేదట. నాకన్నా పన్నెండు రోజులు చిన్నదాన్ని టౌన్లో సబ్‌జైలుకు, సారా కాసిన ఆడవాళ్ళ మధ్యకు పంపారు. కాశిం బాబాయ్‌కి జామీను ఇచ్చేవాళ్ళు దొరకలేదు.

పన్నెండు రోజుల సంగతి నాకు తెలిసింది ఆ సాయంత్రమే. అన్నం పెడుతూ నాయనమ్మ తనలో తను అనుకుంటున్నట్టుగా, మీ ఇద్దరికీ ఒకే మంత్రసాని నీళ్ళు పోసిందే, ఇక్కడ నీ పురుడయిన పన్నెండో రోజే అక్కడ దాని పురుడు, దానికి పదిహేడేళ్ళెక్కడివే, అంది. నేను ముద్ద చేతిలో పట్టుకుని, రిజిస్టర్లో నా చేతిరాతను, దాని కింద నాన్న సంతకాన్ని తలుచుకున్నాను. రాసింది నేనని చెబితే నాన్న ఉద్యోగానికి ముప్పు. చెప్పకపోతే మస్తాన్‌బీ పెద్దవాళ్ళ జైల్లోనే ఉంటుంది. మంగళ, బుధ, గురు, శుక్రవారాలు చెప్పలేదు. శనివారం పొద్దున నాన్న అద్దం ముందు గడ్డం గీసుకుంటుంటే వెళ్ళి చెప్పాను. ఆయన కత్తి ఆపారు.

"చేతిరాత నీదే. సంతకం ఎవరిదమ్మా?"

"మీదే నాన్నా."

"సరే. ఈ సగం గీసుకోనీ, వకీలు దగ్గరికి వెళ్దాం. సగం గడ్డంతో వెళ్తే మనల్ని కూడా లోపలేస్తారు."

నాయనమ్మ పొయ్యి దగ్గర నుంచి తొంగి చూసి, మూడుసార్లు తుమ్మి, మళ్ళీ పొయ్యి వైపు తిరిగింది.

మంగళవారం కోర్టు. మేజిస్ట్రేటు గారు కురచ మనిషి. బల్ల వెనక తలా భుజాలూ మాత్రమే కనిపించేవి. నాన్న లేచి రిజిస్టర్లో తేదీ తప్పని, బాధ్యత తనదేనని చెప్పారు. నాయనమ్మ మంత్రసాని సంగతి చెప్పింది, ఆమె ఏ వాకిట్లో పడిపోయి ఎప్పుడు చచ్చిపోయిందో కూడా చెప్పబోతే వకీలు ఆపాడు. తర్వాత మేజిస్ట్రేటు గారు నన్ను పిలిచారు. వయసు ఎలా నిర్ణయించావమ్మా అన్నారు. ఎత్తును బట్టి, ఏడాదికి రెండంగుళాల చొప్పున లెక్క కట్టానండి, అన్నాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"అయితే ఆ లెక్కన నా వయసెంతో చెప్పు."

ఆయన ఆటపట్టిస్తున్నారని నాకు తట్టలేదు. అడిగారు కదాని బల్ల పక్కకు వెళ్ళి, కిందికీ పైకీ చూసి, మనసులో కూడి, "పద్దెనిమిదండి," అన్నాను. కోర్టంతా నవ్వింది. మేజిస్ట్రేటు గారూ నవ్వారు. బోనులో నిలబడిన మస్తాన్‌బీ, దుమ్ము పట్టిన జడతో, మోచేతి దాకా గీరుకున్న చేతులతో, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. మధ్యాహ్నం ఆసుపత్రికి పంపితే డాక్టరు పళ్ళు లెక్కపెట్టి, పదిహేను మించదని చీటీ రాశాడు. సాయంత్రం ఆమెను మందలించి కాశిం బాబాయ్‌కి అప్పగించారు. నేను లేచి, రాయిని ఇక్కడే ఒకసారి తూయించండని వేడుకున్నాను. రాయి ఎవరిదన్నదే ఈ కేసు, ఎంతన్నది కాదమ్మా, అన్నారు మేజిస్ట్రేటు గారు. రాయి సుబ్బయ్య గారికి ఇచ్చేశారు. రండి, మీ కళ్ళ ముందే తూస్తానని ఆయన మర్నాడు కబురు చేశారు. మేము వెళ్ళలేదు. తెలిసిన దాన్ని మళ్ళీ తూచడమెందుకని నేనే అన్నాను. తర్వాతి పంటకు మా వీధి రైతులు ఒక్కరూ ఆయన కొట్టుకు వెళ్ళలేదు. అదీ నా పుణ్యమే.

నాన్నను కనిగిరి వైపు కొండ కింది బడికి బదిలీ చేశారు. మస్తాన్‌బీ మళ్ళీ బడికి రాలేదు. జైలుకు వెళ్ళొచ్చిన పిల్లను బెంచీ మీద పక్కన కూర్చోబెట్టుకోవడానికి నాకు తప్ప ఎవరికీ ఇష్టం లేదు. ఏడాది తిరక్కుండా చీరాల ఇచ్చి పెళ్ళి చేశారు. జైలు కబుర్లు చాలానే చెబుతుంది. సారా కాసే ఆవిడ జడ ఎంత నున్నగా అల్లేదో, గంజి ఎంత పలచనో, అన్నీ నవ్వుతూనే చెబుతుంది. ఎప్పుడూ చెప్పకుండా దాటేసే ఆరో రోజున ఏం జరిగిందని అడిగితే మాత్రం, నీకు అన్నీ లెక్కే కావాలేం, అని మాట తప్పిస్తుంది. ఈ అరవై ఏళ్ళలో నాలుగుసార్లు అడిగాను. ఇక అడగను.

లెక్కల టీచరుగా రిటైరయ్యాక మూడేళ్ళు పిల్లల కేసులు చూసే జిల్లా బోర్డులో సభ్యురాలిగా కూర్చున్నాను. ఇప్పుడు బోను లేదు, బల్ల చుట్టూ కుర్చీలు. పోలీసులు యూనిఫాంలో రాకూడదు. ముద్దాయి అనకూడదు, చట్టంతో ఘర్షణ పడిన బాలిక అనాలి. మస్తాన్‌బీకి ఈ సంగతి చెబితే, నేను ఘర్షణ పడింది చట్టంతో కాదే, మెట్టు బండతో, అంది. గీత పద్దెనిమిదికి జరిగింది. ఆ లోపు ఎవరినీ జైల్లో పెట్టకూడదు. ఇది చాలా మంచి మాట. ఆ మాటను కాగితం మీద చదివిన రోజు కొంచెంసేపు అద్దాలు తీసి కూర్చున్నాను. అయితే పదహారు దాటినవాడు ఘోరమైన పని చేస్తే, వాడి మనసు పిల్లల మనసో పెద్దల మనసో బోర్డు తేల్చి చెప్పాలి. ఆ తూకానికి మాకు రాళ్ళేమీ ఇవ్వలేదు. వయసుకు సాక్ష్యంగా ఇప్పటికీ ముందు చూసేది బడి సర్టిఫికెట్టే, ఎముకల పరీక్ష ఆఖరున. ప్రతి సర్టిఫికెట్టునూ నేను వెలుతురుకు పట్టుకుని, దీన్ని రాసింది ఎవరు అని అడిగేదాన్ని. తోటి సభ్యులు విసుక్కునేవాళ్ళు. జూలై ఒకటి కనిపిస్తే ఇంకోసారి అడిగేదాన్ని.

సరే, రాయి. పన్నెండు గంటలకు మా వీధి చివర కూరగాయల కొట్టు రమణమ్మ దగ్గరికి మస్తాన్‌బీ, నేను రాయిని సంచిలో చెరో పక్కా పట్టుకుని తీసుకెళ్ళాం. ఆమె దగ్గర అంకెలు చూపించే కొత్త కాటా ఉంది. టమాటాల పళ్ళెం తీయించి రాయి పెట్టాం. అంకెలు కాసేపు ఊగి నిలబడ్డాయి. తొమ్మిది కిలోల తొమ్మిది వందల అరవై గ్రాములు. నేను తీసి మళ్ళీ పెట్టించాను. అంతే. మూడోసారి పెట్టమంటే రమణమ్మ, మామ్మగారూ, బేరాలు పోతున్నాయండి, అంది. మస్తాన్‌బీ విరిగిన మూలలో బొటనవేలు పెట్టి చూపించింది. తగ్గిన నలభై గ్రాములు ఆ మూలవే. మెట్టు మీద పడకముందు అది సరిగ్గా పది కిలోలు.

నేను అక్కడే నిలబడి మళ్ళీ భాగహారం చేశాను. బస్తాకు రెండు కిలోలు ఎక్కడికి పోయినట్టు? మస్తాన్‌బీ నా మోచెయ్యి పట్టుకుంది.

"మీ నాయనమ్మ బస్తాకెత్తే ముందు కాయలు పగలకుండా చెంబుతో నీళ్ళు చల్లేది కదే. మర్నాడు మార్చి ఎండలో బండెక్కించారు. నీళ్ళు ఆరిపోవూ?"

"నీకు అప్పుడే తెలుసా?"

"తెలుసు."

"మరి చెప్పలేదేం?"

"నువ్వు లెక్క చెప్తుంటే మధ్యలో ఎవరినైనా మాట్లాడనిచ్చావే ఎప్పుడైనా?"

రమణమ్మ టమాటాలు మళ్ళీ పళ్ళెంలో పోసుకుంది. మేము రాయిని చెరో పక్కా పట్టుకుని ఇంటికి వచ్చాం. దారిలో మస్తాన్‌బీ నవ్వుతూనే ఉంది, రెండుసార్లు ఆగి ఊపిరి పీల్చుకుంది. పన్నెండున్నరకు మాత్ర వేసుకుని, డైరీ తీసి, ఆమె చూస్తుండగానే పోయినవి రాశాను.

మస్తాన్‌బీ: సబ్‌జైల్లో తొమ్మిది రోజులు. అందులో నాలుగు నేను నోరు విప్పనందుకు. ఒక రోజు గురించి ఇప్పటికీ ఏమీ తెలీదు. తొమ్మిదో తరగతి, ఆ పైన చదవగలిగినదంతా.

నాన్న: కొండ కింద ఆరేళ్ళు. అక్కడి నీళ్ళకు నాలుగు పళ్ళు.

సుబ్బయ్య గారు: మా వీధిలో మంచి పేరు. ఆయన పోయి ముప్పై ఏళ్ళయింది, తిరిగి ఇవ్వడానికి లేదు.

బస్తాలు: ఒక్కోదానికి రెండు కిలోల నీళ్ళు.

రాయి: నలభై గ్రాములు.